డీజిల్ జీపు మైలేజీ – కాగితం మీది అంకె, దారి మీది అంకె
(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ వంటి విషయాలపై మాట్లాడడానికి అలవాటుపడిన నన్ను, ఈ పూట ఫోర్‌వీల్ డ్రైవ్ డీజిల్ వాహనాల ఇంధన వ్యయంపై మాట్లాడమని శిబిర నిర్వాహకులు కోరారు. నేను మోటారు ఇంజనీరును కాను. కళాశాలలో భౌతికశాస్త్రం చదువుకున్నాను. ఆ తరువాత జీవితమంతా సంఘం పనిలోనే గడిచింది. ఈ విషయం నా వద్దకు పాఠ్యపుస్తకంగా రాలేదు, ఒక సంజాయిషీ నోటీసుగా వచ్చింది. కనుక అక్కడినుండే ప్రారంభిస్తాను.

కొన్నేళ్ల క్రితం ఒక కార్యాలయానికి చెందిన డ్రైవరు సోదరుడు ఆ నోటీసు చేతబట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అతడు నడిపేది నాలుగు చక్రాలకూ శక్తి అందే డీజిల్ జీపు. నెలకు సుమారు 2,000 కిలోమీటర్లు తిరుగుతుంది. అందులో సగం మైదానపు తారు రోడ్డు, సగం ఘాటీ, బురద బాట. లీటరుకు 10.5 కిలోమీటర్లు రావలసి ఉండగా నీ బండి అంతకు తక్కువ ఇస్తున్నది, నెలకు 24 లీటర్ల డీజిలు ఏమైనదో చెప్పు, లేనిచో జీతంలో వసూలు చేస్తాము – ఇదీ నోటీసు సారాంశం. "ఆ డీజిలు నేను తాగానా అండీ?" అని అడిగాడాయన. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క మచ్చ లేని మనిషి.

ఆ 10.5 అనే అంకె ఎక్కడినుండి వచ్చిందని విచారిస్తే బయటపడిన సంగతి ఇది. లాగ్ బుక్కు ప్రకారం మైదానంలో లీటరుకు 14, కొండదారిలో 7 వస్తున్నది. గుమాస్తాగారు 14కు 7 కలిపి 21 చేసి, రెంటితో భాగించి 10.5ను ప్రమాణంగా నిర్ణయించారు. చూడడానికి ఎంత న్యాయంగా ఉన్నది! ఇప్పుడు మీరే కాగితం తీసి లెక్క వేయండి. మైదానపు 1,000 కిలోమీటర్లకు 71.4 లీటర్లు. కొండ మీది 1,000 కిలోమీటర్లకు 142.9 లీటర్లు. మొత్తం 214.3 లీటర్లు. ఆ 2,000 కిలోమీటర్లను ఈ లీటర్లతో భాగిస్తే వచ్చేది 9.3 మాత్రమే. 10.5 ప్రకారమైతే 190.5 లీటర్లే కావాలి. తేడా 23.8 లీటర్లు. నోటీసులోని 24 లీటర్ల దొంగతనం ఇదే! దొంగ డ్రైవరు కాడు, కూడికలు భాగహారాలూ చేసిన కలం. కిలోమీటర్లు సమానమైనపుడు ముందు లీటర్లను కూడాలి. ఆ తరువాతనే భాగించాలి. ఆరవ తరగతి లెక్కే ఇది, కానీ దీని మూలంగా నాలుగు నెలలపాటు ఒక కుటుంబం బియ్యం డబ్బు కోతపడింది.

ఇక కార్యాలయాలు చూపే మరొక అంకె ఉన్నది. వాహనం అమ్మేటప్పుడు కంపెనీ ప్రకటించే మైలేజీ. "పరీక్షలో ఇన్ని కిలోమీటర్లు ఇచ్చిన బండి నీ చేతిలో ఎందుకివ్వదు?" అని అధికారులు అడుగుతారు. ఆ పరీక్ష ఎలా జరుగుతుందో మనం తెలిసి ఉండాలి.

మన దేశంలో కొత్త నమూనాలను పరీక్షించే సంస్థలలో పేరొందినది పూణేలో 1966లో ఏర్పడిన ఏ.ఆర్.ఎ.ఐ. బండిని రోడ్డు మీద నడపరు. గదిలో రోలర్ల మీద నిలుపుతారు. చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు. ముందుగా గీసిన వేగపు పట్టిక ప్రకారం 1,180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకు తక్కువగా, 11 కిలోమీటర్ల లోపు దూరం నడిపిస్తారు. మొదటి భాగం నగరపు నడక. అందులో వేగం గంటకు 50 దాటదు. రెండవ భాగంలో గరిష్ఠవేగం 90. చల్లని గాలి యంత్రం కట్టివేసి ఉంటుంది. ఇంకొక విశేషమేమంటే, డీజిలును డబ్బాతో కొలవరు. గొట్టం నుండి వచ్చిన పొగలోని కర్బనాన్ని కొలిచి, ఎంత ఇంధనం కాలిందో లెక్కగడతారు. పద్ధతి శాస్త్రీయమే, నేను దానిని తప్పు పట్టను. రెండు బండ్లను పక్కపక్కన పెట్టి ఏది మెరుగో తేల్చడానికి అది పనికివస్తుంది. కానీ ఆ గదిలో ఘాటీ లేదు, బురద లేదు, గుంత లేదు, గేటు పడితే ఇంజను ఆపకుండా ఎదురుచూడడం లేదు. వెనుక సీటు నిండా పనిముట్లూ, ఐదుగురు మనుషులూ లేరు.

ఈ వ్యత్యాసం మన దేశపు కొరత మాత్రమే అనుకోకండి. ఐరోపాలో ఐ.సి.సి.టి. అనే పరిశోధన సంస్థ లక్షలాది వాహనాల వివరాలు సేకరించి చూస్తే, పరీక్షగది అంకెకూ దారి మీది అంకెకూ మధ్య తేడా 2001లో సుమారు 9 శాతం ఉండగా, 2015 నాటికి సుమారు 42 శాతానికి పెరిగింది. బండ్లు పాడైనందువలన కాదు. పరీక్షకు తగినట్లు బండిని దిద్దుకునే నేర్పు పెరిగినందువలన. అందుకే 2017 సెప్టెంబరు నుండి అక్కడ కొత్త నమూనాలకు మరింత కఠినమైన పరీక్షను ప్రవేశపెట్టారు. అమెరికాలో 2008 నమూనా వాహనాల నుండి అధిక వేగం, శీతల యంత్రం, చలి వాతావరణం కూడా లెక్కలోనికి తీసుకుని ప్రకటిత మైలేజీని తగ్గించారు. ప్రపంచమంతా ఒప్పుకున్న సంగతిని మన కార్యాలయపు ఫైలు మాత్రం ఎందుకు ఒప్పుకోదు?

ఇక మన జీపు సంగతి. డీజిలుకు సహజంగా కొంత మేలు ఉన్నది. లీటరు పెట్రోలు కంటే లీటరు డీజిలులో పదో వంతుకు పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. డీజిల్ ఇంజనులో గాలిని నొక్కిపెట్టే మూత లేదు గనుక తక్కువ బరువు మీద నడిచేటప్పుడు కూడ నష్టం తక్కువ. ఆ మేలును నాలుగు చక్రాల బండి స్వరూపమే చాలావరకు మింగివేస్తుంది. ముందు ఇరుసు, దాని డిఫరెన్షియల్, అదనపు ప్రొపెల్లర్ షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేసు – ఇదంతా మోయవలసిన ఇనుము. లీవరు రెండు చక్రాల మీదనే ఉంచినా, ముందు హబ్బులు విడిపోయే ఏర్పాటు లేని బండిలో ఆ ఇరుసూ షాఫ్టూ నూనెలో తిరుగుతూనే ఉంటాయి. ఆపైన పెట్టె వంటి ఆకారం. గాలి అడ్డు వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 80లో ఉన్న అడ్డు 100కు పోతే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నాజూకైన కారుకంటే నిటారుగా నిలబడిన జీపుకు ఈ దెబ్బ ఎక్కువ. కనుక తొందరపెట్టే అధికారి వెనుక సీటులో కూర్చుని "పోనీ, పోనీ" అంటే, ఆ డీజిలు ఎవరి ఖాతాలో రాయాలి?

ఘాటీ విషయం మన రైల్వే సోదరులకు కొత్త కాదు. కొత్తవలస – కిరండోల్ మార్గంలో శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. వర్షాకాలంలో ఆ మార్గంలో కొండచరియలు విరిగిపడితే సిబ్బంది విశాఖ తీరం నుండి అనంతగిరి ఘాటీ మీదుగా బండిలోనే ఎక్కాలి. రెండు టన్నుల జీపును వెయ్యి మీటర్లు పైకి ఎత్తడానికి కావలసిన పని సుమారు 2 కోట్ల జౌళ్లు. లీటరు డీజిలులో మూడున్నర కోట్ల జౌళ్లకు పైగా శక్తి ఉన్నా, చక్రానికి చేరేది అందులో మూడోవంతు కూడ ఉండదు. అంటే దూరానికి అయ్యే ఖర్చు కాక, కేవలం ఎత్తుకే రమారమి రెండు లీటర్లు. దిగేటప్పుడు తిరిగివస్తుందిగదా అని ఒక అకౌంట్సు అధికారి నాతో వాదించారు. దిగేటప్పుడు ఇంజను డీజిలు దాదాపు తాగదు, నిజమే. కానీ ఎక్కినపుడు పోసినదాంట్లో అధికభాగం వేడిగా గాలిలో కలిసిపోతుంది, ట్యాంకులోనికి తిరిగిరాదు.

బురదలో చిన్న గేరు వేసినపుడు సంగతి మరీ వేరు. ఆ గేరులో చక్రం అదే వేగంతో తిరగడానికి ఇంజను సుమారు రెండున్నర రెట్లు తిరగాలి. అక్కడ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే ప్రశ్నే అసంగతం. జనరేటరుకు లీటరు లెక్క గంటల మీద వేస్తాముగాని కిలోమీటర్ల మీద వేయము కదా! చిన్న గేరులో నడిచిన సమయం, ఇంజను ఆడుతూ నిలిచిన సమయం లాగ్ బుక్కులో విడిగా రాయాలని మన కోరిక. నిలిచి ఆడే ఇంజను గంటకు అర లీటరు నుండి లీటరు వరకు తాగుతుంది. రోజుకు రెండు గంటలు అలా గడిస్తే, నెల చివర ఎన్ని లీటర్లో మీరే చూసుకోండి.

ఉత్తరాదిన పనిచేసే మన సోదరుల అనుభవం ఇంకొక రకం. లద్దాఖ్ చలికి మామూలు డీజిలు గడ్డకడుతుంది. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ, సున్నాకు దిగువ 33 డిగ్రీల వరకు పారే శీతకాలపు డీజిలును అక్కడ ప్రవేశపెట్టింది. అంతకుముందు చలికాలంలో బండ్లను కదిలేలా ఉంచడమే పెద్ద పని. పల్చని గాలిలో, గడ్డకట్టే చలిలో ఇంజను వేడెక్కడానికే కొంత ఇంధనం పోతుంది. హైదరాబాదు అంకెను లేహ్‌కు వర్తింపజేయడం ఎటువంటి న్యాయమో ఆలోచించండి.

కొత్త బండ్ల గురించి కూడ ఒక మాట. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్.–6 డీజిల్ వాహనాలలో మసిని పట్టే వడపోత ఉంటుంది. మసి నిండినపుడు అదనపు డీజిలు కాల్చి దానిని దహిస్తారు. సాఫీగా సాగే పొడుగు ప్రయాణంలో అది తెలియకుండానే జరిగిపోతుంది. నాలుగేసి కిలోమీటర్లకు ఒకచోట ఆగి సంచులు దించే తపాలా బండి వంటిదానిలో అది మధ్యలో ఆగిపోయి మళ్లీ మళ్లీ మొదలవుతుంది. ఊపిరితిత్తులకు ఆ వడపోత మేలు చేస్తుంది, దానిని మనం వ్యతిరేకించము. అయితే దాని ఖర్చు డ్రైవరు నెత్తిన పడరాదు.

ఇంతా చెప్పి, మనవాళ్లలో తప్పు చేసేవారే లేరని నేను అనను. డీజిలు అమ్ముకునేవారు అక్కడక్కడ ఉన్నారు. వారి వలననే నిజాయితీపరుడైన డ్రైవరు కూడ అనుమానానికి గురి అవుతున్నాడు. అందుచేత కొలతే వద్దని మనం అనకూడదు. సరైన కొలత కావాలని అడగాలి. ఆ కొలత కష్టమేమీ కాదు. ట్యాంకు నోటిదాకా నింపించండి, మీటరు అంకె రాయండి, సాధ్యమైనంత ఎక్కువ ఖర్చయిన తరువాత అదే బంకులో, బండిని అదే సమతలంపై నిలిపి, మళ్లీ నోటిదాకా నింపండి. పది లీటర్లకే కొలిస్తే, నింపడంలో అర లీటరు తేడా వస్తే అది 5 శాతం పొరపాటు; యాభై లీటర్లకు కొలిస్తే అదే అర లీటరు ఒక్క శాతం. మూడుసార్లు నింపి మొత్తం మీద తీసుకోండి. మీటరును కిలోమీటరు రాళ్లతో సరిచూసుకోండి. పెద్ద టైర్లు వేయించారా? చక్రం 4 శాతం పెద్దదైతే, నిజంగా 1,000 కిలోమీటర్లు నడిచినా మీటరు సుమారు 960 మాత్రమే చూపుతుంది. ఆ నలభై కిలోమీటర్ల డీజిలు కూడ దొంగతనమై కూర్చుంటుంది! గాలి తగ్గిన టైర్లు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, కారుతున్న నాజిల్ – వీటి గురించి డ్రైవరు రిపోర్టు ఇచ్చి, నకలు తన వద్ద ఉంచుకోవాలి. మరొకటి: ఎండిన తారు రోడ్డు మీద నాలుగు చక్రాల లీవరు వేసి నడపవద్దు. మలుపులో ముందు చక్రాలూ వెనుక చక్రాలూ వేర్వేరు దూరాలు తిరుగుతాయి; మధ్యలో డిఫరెన్షియల్ లేని జీపులో ఆ ఒత్తిడి గేర్ల మీద, టైర్ల మీద, డీజిలు మీద పడుతుంది. ఈ తప్పు మాత్రం మనదే అవుతుంది.

నియమాల సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఎ.) నియమాలలోని 11వ నియమమూ, రైల్వేలో 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమాలలోని 6వ నియమమూ వసూలును చిన్న శిక్షలలో ఒకటిగా పేర్కొంటున్నాయి. రెండింటిలోనూ షరతు ఒకటే: ఆ నష్టం ఉద్యోగి నిర్లక్ష్యం వలనగాని, ఉత్తర్వుల ఉల్లంఘన వలనగాని కలిగి ఉండాలి. ఎవరో నిర్ణయించిన అంకెకు తక్కువ రావడం తనంతట తానుగా నిర్లక్ష్యం కాదు. కనుక సంజాయిషీలో వేడికోలు రాయకండి. ప్రమాణం ఏ తేదీన, ఏ దారిలో, ఎంత బరువుతో, ఎవరి సమక్షంలో కొలిచి నిర్ణయించారో తెలుపమని, ఆ కాగితాల నకలు ఇవ్వమని అడగండి. సర్వసాధారణంగా అటువంటి కాగితమే ఉండదు.

మన డ్రైవరు సోదరుని విషయంలో అదే జరిగింది. 14, 7, 9.3 లెక్కను ఒక పేజీలో వేసి జతపరిచాము. ఉమ్మడిగా కొలవమని కోరాము. ఒక సూపర్‌వైజరు, ఒక యూనియన్ ప్రతినిధి బండిలో కూర్చుని పది రోజులు తిరిగారు. వచ్చిన అంకె 9.1. వసూలు నిలిచిపోయింది, కోసిన నాలుగు నెలల సొమ్ము ఎనిమిది నెలల తరువాత తిరిగివచ్చింది. మైదానానికి ఒకటి, ఘాటీకి ఒకటి వేర్వేరు ప్రమాణాలు పెట్టడానికి మాత్రం ఆ కార్యాలయం నాతో మాట్లాడిన నాటికి ఒప్పుకోలేదు.

భోజనానంతరం రెండున్నరకు మళ్లీ కలుస్తాము. మీ మీ డివిజన్ల నుండి తెచ్చిన లాగ్ బుక్కు నకళ్లు బయటికి తీయండి. బల్లకు నలుగురేసి, ప్రతి బల్ల దగ్గర ఒక డ్రైవరు సోదరుడు ఉండేటట్లు కూర్చోండి. ముందుగా లీటర్లు కూడండి.