కర్ర వేడెక్కకుండా నునుపు చేయడం
(వార్షిక మహాసభలో కలిగిరి చెక్కపని సభ్యుల ప్రసంగ పాఠం)



మన పక్కనున్న ఉదయగిరిలో ఆడవాళ్లు నర్ది, బిక్కి కర్రలతో చేసే చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అవి చేత్తో చెక్కేవి. మేం లేత్ మిషను మీద తీసేవి అప్పడాల కర్ర, పప్పుగుత్తి లాంటి గుండ్రటి సామాన్లు. ఆకారం తీయడం ఒక ఎత్తు, ఉప్పు కాగితంతో నునుపు చేయడం ఇంకో ఎత్తు.

తిరిగే కర్రకి కాగితం గట్టిగా అదిమితే రాపిడికి వేడి పుడుతుంది. ఏటికొప్పాకలో తిరిగే అంకుడు కర్రకి లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. అంత వేడి మన కర్రకి తగిలితే పైపొర తడారి ముడుచుకుంటుంది, లోపల అలాగే ఉంటుంది. దాంతో వెంట్రుకంత సన్నని పగుళ్లు వస్తాయి. అడ్డంగా కోసిన కొసల్లో ఇంకా తొందరగా వస్తాయి. మన కంటికి ఆనవు. కొన్నామె నాలుగుసార్లు కడిగాక బయటపడతాయి. ఆమె మళ్లీ మన దగ్గర కొనదు.

మేం పాటించేవి చెబుతాం. మొదటిది, వేలే మన కొలత. కాగితం వెనక వేలికి వేడి తగిలితే చెయ్యి తీసి కర్రను చల్లారనివ్వాలి. రెండోది, మిషను వేగం తగ్గించి, కాగితాన్ని ఒకేచోట ఆపకుండా అటూ ఇటూ జరుపుతూ తేలిగ్గా ఆనించాలి. మూడోది, 80, 120, 180, 240 నంబర్ల వరస తప్పకూడదు. ముందు నంబరు గీతలు పోయాకే తర్వాతది పట్టాలి. నాలుగోది, అరిగిన కాగితం దాచుకోవద్దు. అది కర్రను కోయదు, ఒట్టిగా రుద్ది వేడి పుట్టిస్తుంది. పచ్చి కర్రయితే పొడి కాగితానికి అతుక్కుపోతుంది. కాబట్టి బాగా ఆరిన కర్రే వాడాలి.

మన ఒళ్లు కూడా చూసుకోవాలి కదా! పైట నడుముకు దోపండి, జడ ముడేయండి, గాజులు తీయండి. గ్లవుజులు వద్దు, కాగితం వేలికి చుట్టొద్దు, మిషను లాగేస్తుంది. కాగితం కర్ర కింది వైపు పట్టండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మాస్కు తప్పనిసరి.

చివరిగా ఒక్క మనవి. చాలామందిమి సరుకు లెక్కలో కర్ర, కరెంటు, కూలి రాస్తాం, కాగితం రాయం. రాయం కాబట్టే అరిగినదాన్ని లాగిస్తాం. ఈ ఏడాది నుంచి కాగితం, మాస్కు ఖర్చు కూడా ధరలో కలుపుకుందాం. సమాఖ్య తరఫున అందరికీ కలిపి ఒకేసారి కొంటే చవకగా పడుతుంది. దీన్ని తీర్మానంలో చేర్చాలని కోరుతున్నాం.