దివిటీ ఎవరికోసం?

ఇది మాస్టారి స్మారకోపన్యాసం. ఆయన పాండిత్యం గురించి ఈ సభకు నేను చెప్పేదేమీ లేదు. నాకు గుర్తున్నవి గుడివాడలో వాళ్ళ అరుగు, దీపావళి సాయంత్రం మా పిల్లలందరికీ గోగుపుల్లలకు నూనెగుడ్డలు చుట్టి ఇచ్చిన ఆయన చేతులు. ఆ దివిటీ నరకుడు చచ్చిన సంబరమని ఆయన నమ్మకం. ఇరవై ఏళ్ళు ఆయనతో కాదని వాదించాను. ఇవాళా వాదిస్తాను.

సత్యభామ కథ, టపాకాయలు మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. కమలాకరభట్టు 1612లో ముగించిన నిర్ణయసింధువూ, 1790 నాటి ధర్మసింధువూ దీపావళి ప్రదోషవేళ ఉల్కాదానం, అంటే దివిటీ పట్టడం, చెప్పాయి. మహాలయానికి వచ్చిన పితృదేవతలు తిరిగి వెళ్ళడానికి దారి చూపే వెలుగు అది. అక్కడ అమావాస్యతోపాటు చతుర్దశి కూడా ఉంది కదా, అది నరకుడి తిథే కదా అని మాస్టారు పట్టుబట్టేవారు. తిథి ఉంది, నిజమే. కానీ ఉల్క ఎందుకో చెప్పినచోట పితరుల దారే ఉంది, నరకుడు లేడు. పైగా మన కృష్ణాతీరంలో దివిటీలు కొట్టేది అమావాస్య మునిమాపునే.

వానాకాలపు పురుగులు చావడానికని ఇంకో మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. మరి దివిటీ ఆర్పగానే పిల్లల కాళ్ళు కడిగించి, నోట్లో తీపి పెట్టి, అప్పుడుగానీ లోపలికి రానివ్వరెందుకు? అది ఎవరినో సాగనంపి వచ్చినవాళ్ళకు చేసే పని.

హాలోవీన్ మీదా ఇదే తగాదా. మానవశాస్త్రవేత్త ఫ్రేజరు దాని మూలాన్ని కెల్టుల సంహేన్‌లో, మృతుల పండుగలో చూశాడు. చరిత్రకారుడు రొనాల్డ్ హటన్ 1996లో ఆధారాలేవని నిలదీశాడు. అక్కడ రాత దొరక్క ఊహ నిలిచింది. మనకు రాత ఉండి కూడా ఊహనే పట్టుకున్నాం.

బందరుకు మృతులను తలిచే ఈ రోజులు పుస్తకాల్లోవి కావు. క్రైస్తవులు సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించేది నవంబరు 2న. 1864లో దానికి ముందురోజు రాత్రే ఉప్పెన ఈ ఊరిమీద పడి సుమారు 30,000 మందిని తీసుకుపోయింది. అప్పటికి దీపావళి వెళ్ళి రెండు మూడు రోజులే. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, అదీ కార్తీకమే. ఎందరి శవాలో దొరకలేదు.

నాలుగేళ్ళుగా నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ పల్లెల్లో నేను తిరుగుతున్నది అందుకే. చావు జరిగిన ఇంట ఏడాదిపాటు పండుగ చెయ్యరు. దివిటీ సంబరమే అయితే 1978 దీపావళికి ఆ ఇళ్ళముందు కొట్టకూడదు. పోయినవాళ్ళ కోసమైతే కొట్టి తీరాలి. ఉప్పెనలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఈ సభలో ఉంటే దయచేసి వెళ్ళిపోకండి. ఆ సాయంత్రం మీ వాకిట్లో దివిటీ వెలిగిందా, ఎవరు పట్టుకున్నారు, ఏ పేరు తలుచుకున్నారు, నాకు చెప్పండి. రాసుకోవడానికి పుస్తకం తెచ్చుకున్నాను.