పరువు, ప్రాణము



మన సీమలో పెండ్లి మాటలు మొదలైనపుడు పెద్దలడుగు మొదటి ప్రశ్న "ఇల్లెట్టిది?" అని. ఆ యింటి పరువును, ఆస్తియు, వారసత్వమును ఆ ప్రశ్నలోనే యిమిడియున్నవి. పరువు కొరకై ఒక యిల్లు నేరమునకు నెలవైన వృత్తాంతమును నేడు మీకు మనవి చేయదలచితిని. పేర్లు మీరెరిగినవే గాన నేను చెప్పను.

మిర్యాలగూడలో ఒక సంపన్న వైశ్య గృహస్థునకు ఒక్కతే కూతురు. ఆస్తికంతకును ఆమెయే వారసురాలు. చదువుకొను నాటి నుండి ఎరిగిన దళిత యువకుని ఆమె ప్రేమించినది. కన్నవారి మాట జవదాటరాదను ధర్మమొక వంక, మనసిచ్చినవానిని విడువరాదను ధర్మమొక వంక ఆమెను లాగినవి. తుదకు 2018 జనవరిలో హైదరాబాదున ఆర్యసమాజ పద్ధతిని ఆ యువకునే వివాహమాడినది.

ఆ యేడే సెప్టెంబరు 14వ తేదీన, గర్భవతియైన భార్యను వైద్యునకు చూపించి వెలుపలికి వచ్చుచున్న ఆ యువకుని, ఆసుపత్రి వాకిటనే, పట్టపగలు వెనుక నుండి నరికి చంపిరి. కోటి రూపాయలకు బేరము కుదిరినదనియు, కుదిర్చినవాడు ఆమె కన్నతండ్రియే యనియు పోలీసులు అభియోగము మోపిరి. తీర్పు రాకమునుపే, 2020 మార్చిలో, ఆ తండ్రి తన ప్రాణము తానే తీసికొనెను. 2025 మార్చి 10వ తేదీన నల్లగొండ న్యాయస్థానము హంతకునకు మరణదండనమును, పినతండ్రితో కూడ ఆరుగురకు యావజ్జీవ ఖైదును విధించినది.

ఇక లెక్క చూడుడు. అల్లుడు పోయెను, తండ్రి పోయెను, పినతండ్రి శిక్షపడిన ఖైదీ యయ్యెను. మనుమడు తండ్రి మొగము చూడకుండగనే పుట్టెను. నిలుపదలచిన పరువు నిలిచినదా?

ఇది ఒక్క ఊరి కథ యని త్రోసివేయుటకు వీలులేదు. 2025 జనవరిలో సూర్యాపేటలోను, కులాంతర వివాహము చేసికొనిన ఒక యువకుడు హతుడయ్యెను. ఆ కేసులో భార్య పుట్టింటివారినే పోలీసులు పట్టుకొనిరి.

కొందరు పెద్దలు నాతో, "కన్నవారి కడుపుకోత నీకేమి తెలియును?" అందురు. తెలియును. మనసు నొచ్చుట తప్పు కాదు. కూతురితో మాటలు మానుకొనినను అది యింటి గొడవయే. కత్తికి కూలి యిచ్చిన నాడు మాత్రము అది నేరము. వయసు వచ్చిన యిద్దరు ఇష్టపడి పెండ్లాడినచో కులము వారి యనుమతితో పనిలేదనియు, అడ్డుపడు పంచాయతీ చట్టవిరుద్ధమనియు సుప్రీంకోర్టు 2018 మార్చిలోనే తీర్పు చెప్పియున్నది.

ఒక మాట ఒప్పుకొనవలయును. కొన్నేండ్ల క్రిందట కోదాడ దాపున ఒక గ్రామమున నేను పెద్దమనుషులలో ఒకడనై కూర్చుంటిని. కూతురు వెడలిపోయిన తండ్రి "వాడు కనబడిన నరికెదను" అనెను. కోపములో అనుచున్నాడులే యని మేమందరము తలలు వంచుకొని లేచితిమి. దైవము మేలు చేసి అక్కడ ఏమియు జరుగలేదు. కాని మిర్యాలగూడ వార్త విన్న రాత్రి ఆనాటి మా మౌనము తలపునకు వచ్చి నాకు నిద్ర పట్టలేదు.

పెండ్లికిని హత్యకును నడుమ ఏడున్నర నెలలు గడచినవి. పెద్దరికమునకు పని యున్నది ఆ నెలలలోనే. అట్టి మాట మీ చెవిని పడినచో తల వంచుకొని లేవకుడు. ఆ తండ్రి చేయి పట్టుకొని ప్రక్కకు తీసికొనిపొండు. అతని యేడ్పు వినుడు. అటుపిమ్మట, "బిడ్డకేమైన నైనచో మొదట సాక్ష్యము చెప్పువాడను నేనే" అని స్పష్టముగా చెప్పుడు. ఆ జంటకు ప్రాణభయమున్నదని పోలీసు ఠాణాలో తెలుపుడు. ఊరి పరువు నిలుపు పని యిదియే.

సెలవు.