తుంటి నొప్పి: గుర్తింపు, కోలుకొనే మార్గం



షోలాపూర్ నగరంలో తెలుగువారు తరతరాలుగా స్థిరపడి ఉన్నారు. దుప్పట్లకూ తువ్వాళ్లకూ ఈ ఊరికి వచ్చిన పేరు వెనుక పద్మశాలి కుటుంబాల శ్రమ ఉన్నది. ఆ ఇండ్లలోని స్త్రీలలో అనేకులు బీడీలు చుడతారు. చేట ఒడిలో పెట్టుకొని, గంటల తరబడి నేలపై ఒకే తీరున కూర్చొని చేసే పని అది. కూలి వేయి బీడీల లెక్కన వస్తుంది. లేచి నిలబడిన సేపటికి కూలి లేదు. అందుచేత నొప్పి వచ్చినా ఓర్చుకొని కూర్చోవడమే వారికి అలవాటైనది. ఆటో నడిపేవారికీ, కుట్టుపనివారికీ, కంప్యూటరు ముందు కూర్చొనేవారికీ ఈ బాధ కొత్తది కాదు.

ఇట్టివారు వైద్యుని ముందు చెప్పే మాట సాధారణంగా ఒక్కటే: తెలుగులో "నడుము నొప్పి", మరాఠీలో "కంబర్ దుఖతే". నొప్పి పిరుదులో ఉన్నా, తొడలో ఉన్నా ఆ మాటే వస్తుంది. అప్పుడు పరీక్ష వెన్నుపూస వైపు మళ్లుతుంది. వెన్నుపూసల నడుమనుండే డిస్కు కొంచెం ఉబ్బి ఉండడం ఏ నొప్పీ లేనివారిలోనూ స్కానింగులో కనబడుతుంది. దానినే కారణమని భావించి, శస్త్రచికిత్స తప్పదేమోనని కుటుంబం కలత చెందుతుంది. కాబట్టి మాట కంటే ముందు వేలితో చోటు చూపడం మేలు. గజ్జలో నొప్పి అయితే తుంటి కీలును అనుమానించాలి. తుంటికి బయటి పక్క నొప్పి, ఆ వైపు పడుకున్నప్పుడు అధికమైతే, అక్కడి స్నాయువులు కారణం కావచ్చు. పిరుదు లోతున నొప్పి, కూర్చుంటే పెరిగి, తొడ వెనుకగా కిందికి పాకితే, కారణం వెన్ను కావచ్చు, పిరిఫార్మిస్ కండరమూ కావచ్చు.

ఈ కండరం బేరిపండు ఆకారంలో ఉంటుందని ఆ పేరు వచ్చినది. వెన్ను అడుగునున్న త్రికాస్థి నుంచి తొడ ఎముక పైభాగం వరకు ఇది వ్యాపించి, కాలిని బయటికి తిప్పుతుంది. కాలిలోకి దిగే సయాటికా నాడి ఎక్కువమందిలో దీని కిందుగానే పోతుంది. కొందరిలో దీనిని చీల్చుకొని పోతుంది. కండరం బిగిసి నాడిని ఒత్తినప్పుడు మంట, తిమ్మిరి కలుగుతాయి. 1947లో దీనికి పిరిఫార్మిస్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. దీనిని తేల్చి చెప్పే పరీక్ష ఒక్కటంటూ లేదు. వైద్యుడు కాలిని వంచి, తిప్పి చూచి, ఇతర కారణాలను తొలగించి నిర్ణయిస్తాడు.

కోలుకొనే మార్గం మంచం పట్టడం కాదు. అరగంటకొకసారి, లేదా కొన్ని కట్టలు పూర్తి కాగానే, లేచి నాలుగడుగులు నడవాలి. వెనుక జేబులో పర్సు పెట్టుకొని కూర్చోరాదు. పక్కకు తిరిగి పడుకొనేటప్పుడు మోకాళ్ల నడుమ దిండు ఉంచుకోవాలి. వెల్లకిలా పడుకొని, రెండు మోకాళ్లు వంచి, నొప్పి ఉన్న కాలి చీలమండను రెండవ మోకాలిపై వేయాలి. కింది తొడను చేతులతో పట్టి మెల్లగా ఛాతీ వైపు లాగాలి. పిరుదులో సాగినట్లు తోచినచోట ఆగి, ఊపిరి బిగపట్టక, 30 సెకన్లు ఉంచాలి. మూడుసార్లు చొప్పున, ఉదయం సాయంత్రం చేయాలి. తిమ్మిరి కాలిలోకి దిగితే ఆపివేయాలి. నొప్పి కొంత తగ్గిన తరువాత, మోకాళ్లు వంచి పడుకొని పిరుదులను పైకెత్తి ఐదు సెకన్లు నిలపడం, ఇట్లు పదిసార్లు చేయడం, ఆ చుట్టుపక్కల కండరాలకు బలమిస్తుంది. ఫిజియోథెరపిస్టు ఒకసారి దగ్గర ఉండి నేర్పితే తప్పులు జరగవు.

ఉపశమనానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. రెండు రోజులు తగ్గగానే వ్యాయామం మానివేయడం వల్లనే నొప్పి తరచుగా తిరగబెడుతుంది. మందుల దుకాణంలో స్వయంగా కొన్న నొప్పి మాత్రలను దీర్ఘకాలం వాడితే కడుపుకూ మూత్రపిండాలకూ హాని. రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి మరింత ప్రమాదం. బలంగా తొక్కించుకోవడం, మర్దన చేయించుకోవడం నాడిని ఇంకా నొప్పించవచ్చు. వ్యాయామంతో తగ్గనప్పుడు ఇంజెక్షన్ విషయం వైద్యుడు ఆలోచిస్తాడు. శస్త్రచికిత్స అవసరం అరుదు.

కొన్ని లక్షణాలను మాత్రం ఒక్కరోజైనా ఉపేక్షించరాదు. మూత్రం లేక మలం పట్టు తప్పడం, మూత్రం రాకపోవడం, తొడల నడుమ స్పర్శ తెలియకపోవడం, పాదం ఎత్తలేకపోవడం, జ్వరంతో కూడిన నొప్పి, కిందపడిన తరువాత కాలు మోపలేకపోవడం – వీటిలో ఏది కనబడినా వెంటనే ఆసుపత్రికి చేరాలి.

లేచి నడిచిన ఐదు నిమిషాలకు కూలి రాదన్నది నిజమే. అయితే నొప్పి ముదిరి నెల రోజులు చేట పక్కన పెట్టవలసి వస్తే ఆ ఇంటికి కలిగే నష్టం ఎంతో అధికం. పని చేసే ఇల్లాలు లేచి నిలబడినప్పుడు, ఎందుకు లేచావని అడగని ఇల్లే ఆమెకు మొదటి చికిత్స.