బరి వెలుపలి పోరాటం

 

ఉత్సవవేళ విజయాలను స్మరించుకోవడం ఆచారం. అయితే ఒక విజేత జీవితంలో గెలుపులను మాత్రమే చెప్పి ఊరుకుంటే అది పొగడ్త అవుతుందే గాని పాఠం కాదు. మెక్సికో దేశపు ముష్టియుద్ధ వీరుడు జూలియో సీజర్ చావెజ్ జీవితం ఇందుకు నిదర్శనం.

1962లో సియుదాద్ ఒబ్రెగాన్‌లో జన్మించిన చావెజ్ కులియాకాన్ నగరంలో పెరిగాడు. తండ్రి రైల్వే కార్మికుడు. వాడుక తప్పిన రైలుపెట్టెయే ఆ పెద్ద కుటుంబానికి నివాసం. తల్లి ఇతరుల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసేది. ఆమెకొక ఇల్లు సమకూర్చాలన్న తలంపు ఆ బాలునిలో బలంగా నాటుకొన్నది.

1980లో వృత్తి క్రీడాకారుడైన చావెజ్, 1984లో మారియో మార్టినెజ్‌ను ఓడించి తొలి ప్రపంచ కిరీటం ధరించాడు. 1987లో ఎడ్విన్ రోసారియోపై, 1989లో రోజర్ మేవెదర్‌పై గెలిచి మూడు బరువు తరగతులలో ప్రపంచ విజేత అయ్యాడు. ప్రత్యర్థికి చేరువగా చొచ్చుకుపోయి డొక్కలపై ఎడమచేతితో కొట్టే దెబ్బ అతని ప్రత్యేకత.

1990 మార్చి 17న మెల్డ్రిక్ టేలర్‌తో తలపడినప్పుడు, ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఇద్దరి లెక్కలో చావెజ్ బాగా వెనుకబడి ఉన్నాడు. చివరి రౌండులో టేలర్‌ను పడగొట్టాడు. టేలర్ లేచి నిలిచినా, మరి 2 సెకన్లే మిగిలి ఉండగా రిఫరీ పోటీని ఆపివేసి చావెజ్‌ను విజేతగా ప్రకటించాడు. ఆ నిర్ణయంపై వాదోపవాదాలు నేటికీ సమసిపోలేదు. 1993లో మెక్సికో నగరంలోని అజ్టెకా స్టేడియంలో అతని పోటీని 1,32,000 మందికి పైగా తిలకించారు. 1994 జనవరిలో ఫ్రాంకీ రాండల్ చేతిలో ఓడేవరకు అతడు పరాజయమెరుగడు.

ఇంతటి బలశాలిని లొంగదీసినవి మద్యం, మాదకద్రవ్యాలు. కీర్తి శిఖరాన ఉన్న రోజులలోనే అవి అతని జీవితంలో ప్రవేశించాయి. ఎదుట నిలిచిన ప్రత్యర్థిని ఎదుర్కొనే పిడికిలి, లోపల చేరిన శత్రువు ముందు పనికిరాలేదు. 107 విజయాలతో 2005లో బరినుండి వైదొలగిన తరువాత కూడా ఆ వ్యసనం వదలలేదు. చివరకు కుటుంబసభ్యులే అతనిని చికిత్సాలయంలో చేర్పించారు. అక్కడ కోలుకొన్న చావెజ్ తన పతనాన్ని దాచుకోలేదు. నలుగురిలో చెప్పుకొన్నాడు, వ్యసనపరుల కోసం మెక్సికోలో చికిత్సాకేంద్రాలు నెలకొల్పాడు. 2011లో అంతర్జాతీయ ముష్టియుద్ధ కీర్తిమందిరంలో అతనికి స్థానం లభించింది.

విద్యార్థులారా! కష్టంలో ఉన్నప్పుడు తల్లిదండ్రులకో, గురువులకో చెప్పుకోవడం ఓటమి కాదు. బరిలో చావెజ్ ఒంటరిగా పోరాడి గెలిచాడు. వ్యసనంపై మాత్రం తనవారి చేయి పట్టుకొనే గెలిచాడు. ఈ రెండవ గెలుపును కూడా జ్ఞాపకముంచుకోండి.