మట్టి బడి



ఇవాళ ఒక బడి సంగతి చెప్పుకుందాం.

ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అని ఒక దేశం. అక్కడ గాండో చిన్న పల్లె. ఊళ్లో బడి లేదు. తనకొచ్చే ఉత్తరాలు చదివిపెట్టే మనిషి కావాలని ఊరిపెద్ద తన కొడుకును ఏడేళ్లకే వేరే ఊరికి చదువుకు పంపాడు. ఆ పిల్లవాడే ఫ్రాన్సిస్ కెరె. ఆ బడి గదిలో పిల్లలు కిక్కిరిసి ఉండేవారు. ఒకటే ఉక్క.

పెద్దయ్యాక కెరె జర్మనీలో కట్టడాల చదువు చదివాడు. 2001లో సొంత ఊళ్లో బడి కట్టించాడు. దేంతో? మట్టితోనే!

“వానకు మట్టి నిలుస్తుందా?” అన్నారు ఊరివాళ్లు. ఆయన మట్టిలో కొంచెం సిమెంటు కలిపి, మిషనుతో నొక్కించి ఇటుకలు చేయించాడు. రేకుల కప్పు గోడలు దాటి బయటికి వచ్చేట్టు పెట్టాడు. గోడ తడవదు. రేకుల కింద మట్టి ఇటుకల కప్పు వేసి, అందులో సందులు ఉంచాడు. వేడిగాలి పైకి పోతుంది. గది చల్లగా ఉంటుంది.

ఊరంతా పని చేసింది. ఆడవాళ్లు నేల దిమ్మిస కొట్టారు.

2022లో కెరెకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. కట్టడాలు గీసేవాళ్లకు అదే పెద్ద బహుమతి. ఆఫ్రికా దేశస్థుడికి రావడం అదే మొదలు.

మట్టి మనకు తెలియనిదా? అరుగులు అలికిన చేతులే కదా మనవి! మరి మన పిల్లల బడి గదిలో గాలి ఆడుతోందా? ఒకసారి వెళ్లి చూడండి. లేకపోతే అడగండి.