విత్తనం ప్యాకెట్ వెనక ఎవరి చేతులున్నయ్?



కూలీలను సతాయించే కంపెనీల గురించి మాట్లాడినప్పుడు మనం ఎప్పుడూ కూలీల దిక్కు నుంచే మాట్లాడుతం. మంచిదే. కానీ ఆ కంపెనీల సరుకు కొనేది కూడా మనమే. మరి కొనేటోళ్లు చేయగలిగింది ఏమన్న ఉన్నదా?

పత్తి గింజల ముచ్చట తీసుకుందాం. మిరుగు దగ్గర పడంగనే మనం ప్యాకెట్ల కోసం దుకాణాల ముందు నిలబడతం. ఆ హైబ్రిడ్ విత్తనం ఎట్ల తయారైతదో ఎప్పుడన్న ఆలోచించినమా? సాయంత్రం పూట ఒక్కొక్క మొగ్గను చేత్తో విప్పి, అందులోని మగ భాగం తీసెయ్యాలె. తెల్లారి వేరే మొక్క పువ్వు తెచ్చి దాని పుప్పొడి రుద్దాలె. మిషన్‌తో అయ్యే పని కాదు. గద్వాల, కర్నూలు దిక్కు విత్తన చేలల్ల ఈ పని ఏండ్ల తరబడి ఎక్కువగా చేసింది చిన్న ఆడపిల్లలు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్స్ ఇచ్చి, పిల్లలను బడి మాన్పించి, మందు కొట్టిన చేలల్ల నిలబెట్టిండ్రు.

2003లో దావులూరి వెంకటేశ్వర్లు గారి అధ్యయనం దీన్ని లోకం ముందు పెట్టింది. మోన్‌శాంటో, బేయర్, సింజెంటా లాంటి పెద్ద కంపెనీల కోసం విత్తనం పండే చేలల్ల కూడా పిల్లలున్నరని చూపించింది. కంపెనీకీ చేనుకూ మధ్యల ఆర్గనైజర్, రైతు ఉంటరు. అందుకే బాధ్యత మాది కాదని తప్పించుకునుడు కంపెనీకి సులువు. అయినా నెదర్లాండ్స్, జర్మనీ సంఘాలు వదల్లేదు. 2004 అక్టోబర్‌లో బేయర్ మీద జర్మనీ ప్రభుత్వం దగ్గరే ఫిర్యాదు పడ్డది. ఆ ఒత్తిడితోనే కంపెనీలు చేలు తనిఖీ చేసుడు, పిల్లలను పెట్టని రైతుకు బోనస్ ఇచ్చుడు మొదలుపెట్టినయ్. ఆ చేలల్ల పిల్లలు తగ్గిండ్రు. సమస్య మాత్రం పోలేదు.

మన దగ్గర చూడండి. 2006లో బీటీ విత్తనం ధర మీద రైతు సంఘాలు లొల్లి చేసినయ్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మోన్‌శాంటో మీద ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయింది. 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల ప్యాకెట్ 750కి దిగింది. అంటే కొనేటోళ్లు కదిలితే కంపెనీ కదులుతది. కానీ ఆ కొట్లాట మన జేబు కోసం. మొగ్గ విప్పిన పిల్ల గురించి ఆ బేరంలో ఎవరడిగిండ్రు?

"మేం కొనుడు బంద్ పెడితే సరిపోదా?" అంటరు. ఉద్దెర మీద గింజలు తెచ్చుకునే రైతు ఒక్కడు ఎట్ల బంద్ పెడతడు? షావుకారు ఏది ఇస్తే అదే తెచ్చుకోవాలె. ఇంకో మాట. కూలీలను అడగకుండ బహిష్కరణ పిలుపిస్తే ముందు పోయేది వాళ్ల పనే. అమెరికాలో ఇమ్మోకలీ టమాట కూలీలు 2001లో టాకో బెల్ బహిష్కరణకు వాళ్లే పిలుపిచ్చిండ్రు. కొనేటోళ్లు వాళ్ల వెనక నడిచిండ్రు. 2005లో పౌండు టమాటకు ఒక సెంటు ఎక్కువ ఇయ్యడానికి కంపెనీ ఒప్పుకున్నది. పిలుపు కూలీలది, బలం కొనేటోళ్లది.

అందుకే మనం చేయాల్సింది ఇది. మిరుగుకు ముందే ఊరి యువజన సంఘం, గ్రామసభ కలిసి కూర్చోండి. ఈ విత్తనం ఎక్కడ పండింది, ఎవరు పని చేసిండ్రు, పెద్దోళ్లకు కూలి గిట్టేటట్టు విత్తన రైతుకు ధర ఇచ్చిండ్రా అని కంపెనీకి ఊరంతా సంతకాలు పెట్టి ఉత్తరం రాయండి. ఒక్క ఊరు రాస్తే పక్కన పడేస్తరు. మూడు జిల్లాల ఊళ్లు రాస్తే జవాబు చెప్పాలె. ప్యాకెట్ కొంటే బిల్లు తప్పక తీసుకోండి. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. చేలల్ల పిల్లలు కనబడితే 1098కి ఫోన్ చేయండి.

చివరగా, పత్తి ఏరే రోజుల్లో మన ఊరి బడిలో ఎంతమంది పిల్లలు ఉంటున్నరో కూడా లెక్క పెట్టండి. మన చేను గురించి జవాబు చెప్పగలిగితేనే కంపెనీని గట్టిగా అడగగలుగుతం.